కారుకు అప్‌డేట్ వచ్చింది.. మరి డ్రైవర్‌కి?

ఫోన్‌కి అప్‌డేట్ వస్తే మనం ఏం చేస్తాం? వైఫై ఆన్ చేసి, ఛార్జింగ్ పెట్టి, పడుకునే ముందు ఒక బటన్ నొక్కుతాం. పొద్దున లేచేసరికి ఐకాన్లు కాస్త గుండ్రంగా మారి ఉంటాయి, నోటిఫికేషన్ ప్యానెల్ రెండు ముక్కలై ఉంటుంది, బ్యాటరీ ఎందుకో రెండ్రోజులు త్వరగా అయిపోతుంది. నాలుగు రోజులు తిట్టుకుంటాం, ఐదో రోజుకి అలవాటైపోతుంది. బీటా ప్రోగ్రామ్‌లో పేరిచ్చి మరీ బగ్స్ కొని తెచ్చుకునేవాళ్ళు మన రీడర్లలో తక్కువేమీ కాదు. నేనూ ఆ బ్యాచే.

అదే అలవాటుతో పోయిన చలికాలంలో ఒక రాత్రి కారు అప్‌డేట్ కూడా నొక్కేశాను.

కారు నా పేరు మీద ఉంది, ఈఎంఐ నా అకౌంట్‌లోంచి పోతుంది, కంపెనీ యాప్ నా ఫోన్‌లో ఉంది. నడిపేది మాత్రం ఎక్కువగా మా నాన్న. రిటైరయ్యాక ఆయనకి దొరికిన కొత్త సరదా అది. లెవల్ 2 అడాస్ ఉన్న ఎస్‌యూవీ. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఇది ఏ కంపెనీ కారుతోనైనా జరగొచ్చు. ఎనిమిది నెలల్లో నాన్న ఆ కారు గుణం మొత్తం పట్టేశారు. "ముందు లారీ స్లో అయితే ఇది జర లేటుగ బ్రేక్ వేస్తది, పక్క నుంచి బండి దూరితే ఇంకా లేటు" అని నాకే పాఠం చెప్పారు. అందుకే క్రూజ్ కంట్రోల్ ఆన్‌లో ఉన్నా, అలాంటి చోట ఆయన కాలు ముందే బ్రేక్ మీదకి వెళ్ళిపోయేది. తన ఎద్దు ఎక్కడ మొరాయిస్తుందో తెలిసిన రైతు లాగా అనుకోండి.

మర్నాడు పొద్దున సూర్యాపేటలో చుట్టాలింట్లో గృహప్రవేశం. పంతంగి టోల్ దాటాం, చిట్యాల దాటాం. రోడ్డు ఖాళీగానే ఉంది, క్రూజ్ 90 మీద పెట్టి ఉంది. డివైడర్ గ్యాప్‌లోంచి గడ్డిమోపు వేసుకున్న మోపెడ్ ఒకటి మా లేన్‌లోకి వచ్చింది. కారు లేటుగా స్పందిస్తుందన్న పాత లెక్కతో నాన్న గట్టిగా బ్రేక్ తొక్కారు. కానీ ఈసారి కారు లేట్ చేయలేదు. ఆయన కంటే అర క్షణం ముందే, ఎప్పుడూ లేనంత బలంగా తనే బ్రేక్ వేయడం మొదలుపెట్టింది. రెండూ కలిసేసరికి కారు రోడ్డు మధ్యలో దాదాపు ఆగిపోయింది. వెనకాల వస్తున్న బస్సు హారన్ కొడుతూ ఎడమ పక్క నుంచి తప్పించుకుని వెళ్ళింది. వెనక సీట్లో అమ్మ ఒళ్ళో ఉన్న స్వీట్ల డబ్బా ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది.

ఎవరికీ ఏమీ కాలేదు. కారు పక్కకి తీసి ఆపాక, రెండు నిమిషాలకి నాన్న నా వైపు తిరిగి అడిగిన మొదటి మాట: "రాత్రి దీనికి ఏం జేసినవ్ రా?"

యాప్ తీసి చూశాను. 'కొత్తగా ఏముంది' కింద రెండు లైన్లు. డ్రైవర్ అసిస్టెన్స్ పనితీరు మెరుగుపరచబడింది. ఇతర బగ్ ఫిక్స్‌లు. అంతే. బ్రేక్ గురించి ఒక్క ముక్క లేదు.

నిజం చెప్పాలంటే ఆ అప్‌డేట్ చెడ్డదేమీ కాదు. కారు ముందుకంటే త్వరగా చూస్తోంది, త్వరగా బ్రేక్ వేస్తోంది. ఏ ఇంజినీర్‌ని అడిగినా ఇది ఇంప్రూవ్‌మెంట్ అనే అంటాడు. చెడిందల్లా కారుకీ నాన్నకీ మధ్య ఎనిమిది నెలలుగా కుదిరిన లెక్క. ఇద్దరు కలిసి చేసే పనిలో ఒకరి పద్ధతి రాత్రికి రాత్రి మారిపోయింది, రెండో వ్యక్తికి ఎవరూ చెప్పలేదు. ఈ ఆర్టికల్ మొత్తం ఆ ఒక్క పాయింట్ గురించే.

ఒక స్టీరింగ్, ఇద్దరు డ్రైవర్లు

కార్ల గురించి పెద్దగా ఫాలో అవ్వని వాళ్ళ కోసం చిన్న బ్యాక్‌గ్రౌండ్. ఆటోమేషన్‌ని ఎస్‌ఏఈ అనే సంస్థ 0 నుంచి 5 వరకు ఆరు లెవల్స్‌గా విడగొట్టింది. లెవల్ 2 అంటే స్టీరింగ్, స్పీడ్ రెండూ కారే చూసుకోగలదు. కానీ రోడ్డు మీద కన్నేసి ఉంచాల్సిన బాధ్యత పూర్తిగా మనిషిదే. మన దగ్గర 2021లో వచ్చిన ఎంజీ ఆస్టర్, మహీంద్రా ఎక్స్‌యూవీ700 లాంటి కార్లతో ఇది జనంలోకి వచ్చింది. 2024 డిసెంబర్‌లో వచ్చిన కొత్త హోండా అమేజ్ టాప్ వేరియంట్‌లో కూడా అడాస్ ఇచ్చారు, అప్పటి ఎక్స్‌షోరూమ్ ధర 10 లక్షల లోపే. అంటే ఇది డబ్బున్నవాళ్ళ బొమ్మ అనే రోజులు పోయాయి.

ఇంకో విషయం చాలామందికి తెలీదు. టెస్లా 'ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్' పేరు వింటే కారే అంతా చూసుకుంటుంది అనిపిస్తుంది కదా. కస్టమర్ల కార్లలో అది కూడా లెవల్ 2నే. 2024లో పేరు పక్కన 'సూపర్‌వైజ్డ్' అని తగిలించారు కూడా. సిటీ వీధుల్లో మలుపులు తిరుగుతుంది, సిగ్నల్ దగ్గర ఆగుతుంది, అయినా ఏదైనా తేడా వస్తే జవాబు చెప్పాల్సింది సీట్లో ఉన్న మనిషే.

కాబట్టి ఈ కార్లని ఒక్కరు నడపడం లేదు. సాఫ్ట్‌వేర్ ఒక డ్రైవర్, మనిషి ఇంకో డ్రైవర్. సాఫ్ట్‌వేర్ ఎక్కడ తప్పు చేస్తుందో మనిషికి ఎంత బాగా తెలిస్తే ఈ జోడీ అంత సేఫ్. ఆ తెలియడం ఏ మాన్యువల్ చదివితేనో రాదు, వందల కిలోమీటర్లు నడిపితే వస్తుంది. కాలికి, చేతికి పట్టే విద్య అది. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ అందులో కొంత భాగం చెల్లని నోటు అయిపోతుంది.

అయినా అప్‌డేట్ కావాలి

ఇదంతా చదివి నేను అప్‌డేట్లకి వ్యతిరేకం అనుకోకండి. నా ఫోన్‌లో సెక్యూరిటీ ప్యాచ్ ఒక నెల లేటైతే గోల చేసే మనిషిని నేను. కార్ల విషయంలో కూడా ఓటీఏ అనేది ఈ పదేళ్ళలో వచ్చిన గొప్ప మార్పుల్లో ఒకటి. షోరూమ్‌లోంచి బయటికి వచ్చిన రోజే పాతబడటం మొదలయ్యే వస్తువు, రెండేళ్ళ తర్వాత ఇంకా బాగుపడటం అంటే మామూలు విషయమా?

నాకు ఎప్పుడూ గుర్తుండే ఎగ్జాంపుల్ ఒకటుంది. 2018 మేలో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ టెస్లా మోడల్ 3ని టెస్ట్ చేసింది. గంటకి 60 మైళ్ళ వేగం నుంచి ఆగడానికి ఆ కారు 152 అడుగులు తీసుకుంది. అది పెద్ద పికప్ ట్రక్కుల కంటే అధ్వాన్నం. దాంతో ఆ కారుని రికమెండ్ చేయలేం అని తేల్చేశారు. కొద్దిరోజుల్లోనే టెస్లా గాలిలోంచి ఒక అప్‌డేట్ పంపింది. మళ్ళీ టెస్ట్ చేస్తే 133 అడుగులు. బ్రేక్ ప్యాడ్ మార్చలేదు, టైర్ మార్చలేదు, మెకానిక్ చెయ్యి పడలేదు. 19 అడుగులు తగ్గింది. రోడ్డు మీద 19 అడుగులంటే ఒక మనిషికీ బంపర్‌కీ మధ్య ఉండాల్సిన దూరం అది.

అంతకుముందు 2015 అక్టోబర్‌లో కూడా ఇలాగే, అప్పటికే అమ్మేసిన కార్లకి రాత్రికి రాత్రి ఆటోపైలట్ వచ్చేసింది. పొద్దున ఆఫీస్‌కి బయల్దేరినవాళ్ళకి కారు తనంతట తానే లేన్‌లో నిలబడటం కనిపించింది. ఫోన్‌లో కొత్త కెమెరా మోడ్ రావడం దీని ముందు ఎంత?

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా బావమరిది ఉంటాడు. మోడల్ వై ఓనర్. కొత్త ఎఫ్‌ఎస్‌డీ వెర్షన్ వస్తోందంటే వాడి పరిస్థితి బెనిఫిట్ షో టికెట్ కోసం ఎదురుచూసే ఫ్యాన్ లాగే ఉంటుంది. ఎవరికి వచ్చింది, మనకెప్పుడు, ఇదే గొడవ వాళ్ళ తెలుగు వాట్సాప్ గ్రూప్ అంతా. 2024 మొదట్లో వెర్షన్ 12 వచ్చినప్పుడు వాడు చేసిన ఫోన్ కాల్ నాకింకా గుర్తే. "బావా, ఇదివరకు రోబో నడిపినట్టు ఉండేది, ఇప్పుడు మనిషి నడిపినట్టుంది" అన్నాడు. దానికి కారణం ఉంది. అంతకుముందు దాకా సిటీ డ్రైవింగ్‌లో కారు ఏం చేయాలో చాలావరకు ఇంజినీర్లు రాసిన రూల్స్ చెప్పేవి. వెర్షన్ 12లో 3 లక్షలకు పైగా లైన్ల కోడ్ తీసేసి, వీడియోలు చూసి నేర్చుకున్న న్యూరల్ నెట్‌వర్క్‌కి పని అప్పగించామని కంపెనీ చెప్పింది.

మన ఓనర్ల ఆశలు వేరే. వాళ్ళెవరూ కారు ఆఫీస్‌కి తనంతట తానే వెళ్ళాలని అడగట్లేదు. పెయింట్ లేని స్పీడ్ బ్రేకర్‌ని గుర్తుపడితే చాలు. రాంగ్ రూట్‌లో వచ్చే బైక్‌ని చూసి కంగారు పడకుండా ఉంటే చాలు. వెనక లైట్ లేకుండా రాత్రి హైవే మీద వెళ్ళే చెరకు ట్రాక్టర్‌ని ముందే పసిగడితే అంతకంటే ఇంకేం కావాలి? ఇవన్నీ సాఫ్ట్‌వేర్ నేర్చుకోగల విషయాలే, కనీసం కొంతవరకు. అందుకే అప్‌డేట్ కోసం ఎదురుచూడటంలో తప్పేమీ లేదు.

మరి భయం ఎందుకు?

ఎందుకంటే ఒక్క రాత్రిలో బాగుపడగలిగేది ఒక్క రాత్రిలో పాడవ్వనూ గలదు.

2021 అక్టోబర్ చివర్లో టెస్లా ఎఫ్‌ఎస్‌డీ బీటా 10.3 వెర్షన్ పంపింది. కారులోని రెండు చిప్‌ల మధ్య కమ్యూనికేషన్ తెగడంతో, కొన్ని సందర్భాల్లో పక్క వాహనాల వేగాన్ని కారు తప్పుగా లెక్కగట్టింది. ముందు ఏమీ లేకపోయినా ఢీకొంటున్నావంటూ అలారం, ఉన్నట్టుండి ఎమర్జెన్సీ బ్రేక్. గంటల వ్యవధిలోనే కంపెనీ వెనక్కి తగ్గి కార్లని 10.2కి మార్చింది. తర్వాత 11,704 కార్లకి అధికారికంగా రీకాల్ కూడా నమోదైంది. ప్రమాదాలేవీ జరిగినట్టు తమకి తెలియదని కంపెనీ చెప్పింది. త్వరగా స్పందించారు, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ కొన్ని గంటల్లో వెనక వస్తున్న కారులోని వాళ్ళు ఏ బీటాకీ సైన్ అప్ చేయలేదు కదా. మా వెనక వచ్చిన బస్సులోని వాళ్ళ లాగే.

రెండో రకం భయం ఇంకా విచిత్రమైనది. సాఫ్ట్‌వేర్ పాడవ్వదు, కావాలనే అలా రాస్తారు. ఎఫ్‌ఎస్‌డీ బీటాలో 'రోలింగ్ స్టాప్' అని ఒక ఫీచర్ ఉండేది. నాలుగు వైపులా స్టాప్ బోర్డు ఉన్న కూడలిలో ఎవరూ లేకపోతే కారు పూర్తిగా ఆగకుండా మెల్లగా దాటేసేది. అమెరికా చట్టం ప్రకారం అక్కడ ఆగి తీరాలి. 2022 ఫిబ్రవరిలో 53,822 కార్ల రీకాల్‌తో దాన్ని తీసేయాల్సి వచ్చింది. మనుషులు చేసే చిన్న తప్పుని చూసి కారుకి కూడా నేర్పించడం అన్నమాట. హైదరాబాద్ ట్రాఫిక్ చూసి నేర్చుకునే కారు ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

మూడోది, ఉన్నది పోవడం. ఇది మనకి, అంటే ఫోన్ జనానికి, బాగా తెలిసిన బాధ. షావోమీ గుర్తుంది కదా, మన రెడ్‌మీ ఫోన్ల కంపెనీ. చైనాలో వాళ్ళ ఎస్‌యూ7 అల్ట్రా కారు 1,548 హార్స్‌పవర్ అని ప్రచారం చేసి అమ్మారు. 2025 మేలో ఒక అప్‌డేట్ వచ్చింది. ఇకమీదట పూర్తి పవర్ కావాలంటే ముందు రేస్ ట్రాక్ మీద నిర్ణీత టైమ్‌లో ల్యాప్ పూర్తి చేసి చూపించాలి అన్నారు. కొన్నవాళ్ళు గొడవ చేశారు, కంపెనీ ఆ అప్‌డేట్ ఆపేసింది. రోడ్డు మీద అంత పవర్ ప్రమాదమే, నాకు ఆ వాదన అర్థమవుతుంది. కానీ డబ్బు తీసుకునే రోజు లేని జాగ్రత్త తర్వాత గుర్తొస్తే ఎలా?

అదే ఎస్‌యూ7 విషయంలో నవ్వుకోలేని సంగతి కూడా ఉంది. 2025 మార్చి 29 రాత్రి చైనాలోని అన్హుయ్‌లో హైవే మీద ఆ కారు ప్రమాదానికి గురై ముగ్గురు చనిపోయారు. అంతకు కొన్ని సెకన్ల ముందు వరకు డ్రైవర్ అసిస్టెన్స్ ఆన్‌లోనే ఉంది. అక్కడ రోడ్డు పనుల వల్ల లేన్ మూసేసి ఉంది, కారు వార్నింగ్ ఇచ్చింది, డ్రైవర్ స్టీరింగ్ చేతిలోకి తీసుకునేసరికి సమయం మిగల్లేదు. ఆ తర్వాత నెలలోనే చైనా ప్రభుత్వం కార్ల కంపెనీలని కూర్చోబెట్టి, ప్రకటనల్లో 'అటానమస్' లాంటి మాటలు వాడొద్దని, ఓటీఏ అప్‌డేట్లని ఇష్టమొచ్చినట్టు పంపడం తగ్గించుకోవాలని చెప్పింది. సెప్టెంబర్‌లో 1,16,887 ఎస్‌యూ7 కార్లకి హైవే అసిస్ట్‌ని సరిచేసే రీకాల్ ప్రకటించారు. ఆ సరిచేయడం కూడా ఓటీఏ ద్వారానే.

బాగుపడినా ప్రమాదమే

ఇక్కడే చాలామంది ఫ్యాన్స్ నాతో గొడవ పడతారు. వెర్షన్ పెరిగేకొద్దీ కారు బాగా నడుపుతోంది, ఇంకేం కావాలి అంటారు.

నా భయం సరిగ్గా అదే. వారానికి పది తప్పులు చేసే కారు పక్కన మనిషి నిద్రపోడు. నెలకి ఒక తప్పు చేసే కారు పక్కన మనిషి మెల్లగా ఫోన్ తీస్తాడు. మనం అందరం అంతే, నేనూ అంతే. సాఫ్ట్‌వేర్ బాగుపడే ప్రతి మెట్టు దగ్గరా మనిషి ఒక మెట్టు వదిలేస్తాడు. చివరికి కారుకి మనిషి నిజంగా అవసరమైన ఆ ఒక్క సెకన్‌లో ఆయన స్క్రీన్ మీద రీల్ చూస్తుంటాడు.

ఇది అమెరికాలో రికార్డుల్లోకెక్కిన సమస్య. డ్రైవర్ శ్రద్ధని కనిపెట్టే ఏర్పాట్లు ఆటోపైలట్‌లో సరిపోవట్లేదని అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ తేల్చడంతో, 2023 డిసెంబర్‌లో 20 లక్షలకు పైగా టెస్లా కార్లకి రీకాల్ అప్‌డేట్ వెళ్ళింది. వార్నింగ్‌లు పెంచారు. 2024 ఏప్రిల్‌లో అదే సంస్థ ఆ అప్‌డేట్ నిజంగా పనిచేసిందా అని మళ్ళీ ఫైల్ తెరిచింది. అప్‌డేట్ అయ్యాక కూడా ప్రమాదాలు జరగడం ఒక కారణం. ఆ మార్పుల్లో కొంత భాగాన్ని ఓనర్ తనే ఆన్ చేసుకోవాలి, కావాలంటే సులువుగా వెనక్కి తిప్పుకోవచ్చు అనేది ఇంకో కారణం. అంటే సేఫ్టీ ఫిక్స్‌ని సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసుకునే టాగుల్ లాగా ఇచ్చారన్నమాట.

ఓకే నొక్కింది ఎవరు? నడిపింది ఎవరు?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. అమెరికాలో మా బావమరిది కారు వాడే కొన్నాడు, వాడే అప్‌డేట్ చేస్తాడు, వాడే నడుపుతాడు. చేంజ్‌లాగ్ సరిగ్గా లేకపోయినా, కనీసం ఏదో మారింది అన్న సంగతైనా నడిపేవాడికి తెలుసు.

మన దగ్గర ఆ మూడు పనులూ ఒకే మనిషివి కావు. యాప్ కొడుకు ఫోన్‌లో ఉంటుంది, కొడుకు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటాడు, కారు వరంగల్‌లో తండ్రి నడుపుతాడు. లేదా ఓనర్ వెనక సీట్లో ల్యాప్‌టాప్ తీస్తాడు, ముందు డ్రైవర్ అన్న ఉంటాడు. పెళ్ళికో తిరుపతికో వెళ్ళాలంటే ఆ రోజుకి యాక్టింగ్ డ్రైవర్‌ని పిలుస్తాం, ఆయన పొద్దున వచ్చి తాళం తీసుకుంటాడు. వీళ్ళలో ఎవరికీ నోటిఫికేషన్ రాదు. వచ్చినా అది ఇంగ్లిష్‌లో, రెండు లైన్లలో ఉంటుంది.

ఓటీఏ ఫ్లో మొత్తం 'ఫోన్ ఉన్నవాడే డ్రైవర్' అనే ఊహ మీద డిజైన్ చేశారు. మన రోడ్ల మీద లేన్ గీతలు లేవని, పశువులు తిరుగుతాయని అందరూ రాస్తారు. ఈ సంగతి గురించి రివ్యూల్లో చూసిన గుర్తు లేదు. నేను కూడా ఇన్నాళ్ళు రాయలేదు, ఆ తప్పు నాదే.

దీని ఫలితం ఏంటో తెలుసా? నాన్న ఆ రోజు నుంచి అడాప్టివ్ క్రూజ్ ముట్టుకోలేదు. లేన్ అసిస్ట్ ఆఫ్. కారు ఎక్కగానే ఏవేవి ఆఫ్ చేయాలో ఆయనకి ఇప్పుడు నోటికి వచ్చు. ముందుకంటే బాగా పనిచేస్తున్న సేఫ్టీ ఫీచర్, నమ్మకం పోవడం వల్ల మూలన పడింది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అడాస్ కార్లున్న మరో నలుగురిని అడిగాను. ఇద్దరు అంతా ఆఫ్ చేసే నడుపుతున్నారట.

కంపెనీల వాదనలో కొంత నిజం ఉంది

వివరంగా రాస్తే ఎవరు చదువుతారు అంటారు కంపెనీల వాళ్ళు. నిజమే, టర్మ్స్ అండ్ కండిషన్స్ చదివినవాడు నాకింతవరకు కనపడలేదు. ఇంకో గట్టి వాదన కూడా ఉంది. న్యూరల్ నెట్‌వర్క్‌లో 'ఈ లైన్ మార్చాం' అని చూపించడానికి లైనే ఉండదు. కొత్త వీడియోలతో మళ్ళీ ట్రైనింగ్ ఇచ్చాక ఏది ఎంత మారిందో తయారుచేసినవాళ్ళకే పూర్తిగా తెలియకపోవచ్చు. అలాంటప్పుడు చేంజ్‌లాగ్‌లో ఏమని రాయాలి?

దీనికి నా జవాబు సింపుల్. లోపల ఏం మారిందో నాకు అక్కర్లేదు. బయట ఏం మారిందో చెప్పండి. ఏ కంపెనీ అయినా రిలీజ్‌కి ముందు ట్రాక్ మీద, సిమ్యులేటర్‌లో టెస్ట్ చేస్తుంది కదా. ముందు బండి సడన్‌గా దూరితే కారు ఎంత దూరంలో బ్రేక్ మొదలుపెడుతోంది, పాత వెర్షన్‌లో ఎంత ఉండేది, ఈ లెక్కలు వాళ్ళ దగ్గర ఉంటాయి. లేవంటే అది ఇంకా పెద్ద సమస్య. 'ఇకపై ముందు వాహనం అడ్డొస్తే కారు మునుపటికన్నా ముందుగా, బలంగా బ్రేక్ వేస్తుంది. వెనక వాహనాలని గమనించండి.' రెండే వాక్యాలు. నాన్నకి కావాల్సింది అంతే.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. ఐక్యరాజ్యసమితి పరిధిలోని ఆర్156 అనే నిబంధన 2021 జనవరిలోనే అమల్లోకి వచ్చింది. అప్‌డేట్ వేసే ముందు అది ఎందుకు, వాహనం పనితీరులో ఏం మారుతుంది, ఎంత టైమ్ పడుతుంది అనేవి యూజర్‌కి చెప్పాలి. మధ్యలో ఫెయిలైతే పాత వెర్షన్‌కి వెళ్ళాలి లేదా కారు సేఫ్ స్థితిలో ఉండాలి. యూరప్‌లో 2024 జులై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. మన దేశంలో కూడా దీనికి సమానంగా ఏఐఎస్ 190 పేరుతో ప్రమాణం సిద్ధం చేశారు. అయితే 'చెప్పాలి' అనే మాటని రెండు లైన్లతో సరిపెట్టొచ్చు. ఎవరికి చెప్పాలి అనే దగ్గరే అసలు పని ఉంది.

నేనైతే ఇలా అడుగుతాను. బ్రేక్, స్టీరింగ్ ప్రవర్తన మారే అప్‌డేట్‌ని మ్యూజిక్ యాప్ అప్‌డేట్‌తో కలిపి ఒకే ప్యాకెట్‌లో పంపొద్దు, దానికి విడిగా ఒప్పుకోలు కావాలి. అప్‌డేట్ తర్వాత మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు, ఫోన్‌లో కాదు, కారు స్క్రీన్ మీద, నడిపే మనిషి ముందు, ఆయన భాషలో చెప్పాలి. తెలుగులో వాయిస్ కమాండ్ ఇవ్వొచ్చని యాడ్స్‌లో చెప్పుకునేవాళ్ళకి తెలుగులో ఒక వార్నింగ్ చదవడం కష్టమా? సీట్లో మనిషి మారితే మళ్ళీ చెప్పాలి. ఒకసారి నొక్కి వదిలించుకునే పాప్-అప్ అయితే వద్దు, దాన్ని మనం అలవాటు ప్రకారం చూడకుండానే కొట్టేస్తాం.

పాత వెర్షన్‌కి వెళ్ళే ఆప్షన్ అడగాలా అని చాలా ఆలోచించాను. ఫోన్‌లో అయితే ముందు నేనే అడుగుతాను. కారులో మాత్రం తెలిసిన బగ్ ఉన్న వెర్షన్‌తో రోడ్డెక్కే హక్కు ఎవరికీ ఉండకూడదు అనిపిస్తోంది. అది నా ఒక్కడి రోడ్డు కాదు. ఈ విషయంలో నాతో ఒప్పుకోనివాళ్ళు ఉంటారని తెలుసు, కామెంట్స్‌లో చూసుకుందాం.

పోయిన వారం మా కారుకి ఇంకో అప్‌డేట్ వచ్చింది. ఈసారి నొక్కలేదు. ఫోన్ తీసుకెళ్ళి నాన్నకి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, స్క్రీన్ దూరంగా పట్టుకుని చదివారు. సిస్టమ్ స్టెబిలిటీ మెరుగుపరచబడింది.

"ఇండ్ల బ్రేక్ సంగతి ఉందా?" అన్నారు.

తెలీదన్నాను.

"అయితే ఆగు. శనివారం రాత్రి నొక్కు. ఆదివారం పొద్దుగాల ఔటర్ మీద బండ్లుండయ్, నేనే జూస్త."